అందరికీ అమ్మ, నాకు ఆంటీ

అమ్మా నేనూ ఒకే రోజు కాలేజీలో చేరాం. ఒకే కోర్సు, ఒకే క్లాసు. రక్తం తీసి, పరీక్ష చేసి, రిపోర్టు రాసే ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా అది. నేను చేరింది పెద్ద చదువుకి మార్కులు చాలక. అమ్మ చేరింది, ఓ క్లినిక్‌లో గాజు కిటికీ వెనక కూర్చుని ఏళ్ళ తరబడి రోగుల పేర్లు రాసీ రాసీ విసుగెత్తి. "ఆ లోపలి గదిలో ఏం చేస్తారో నేనూ చూడాలి కదే," అంది. చూడ్డానికి ఆవిడకి ఊరు మొత్తం మీద నా కాలేజీయే దొరికింది.

మొదటి రోజు గేటు దగ్గరే ఆపాను.

"అమ్మా, ముందే చెప్తున్నా. లోపల నువ్వెవరో నాకు తెలియదు, నేనెవరో నీకు తెలియదు."

"మరి పిలవాల్సొస్తే?"

"ఆంటీ అంటాను."

అమ్మ నా మొహంలోకి కాసేపు చూసింది. కోప్పడుతుందనుకున్నాను. "అలాగేనండీ," అని నాకంటే ముందు నడిచి లోపలికి వెళ్ళిపోయింది.

ఎవరికీ అనుమానం రాలేదు. అమ్మ సర్టిఫికెట్లన్నీ పుట్టింటి ఇంటిపేరు మీద ఉన్నాయి. నా పోలిక మొత్తం నాన్నది, ముక్కు మేనత్తది. నాన్న లారీ మీద ఊళ్ళు తిరుగుతూ నెలకోసారి ఇంటికొచ్చేవాడు కాబట్టి, ఆయన కాలేజీకొచ్చి గుట్టు రట్టు చేసే భయం కూడా లేదు. అమ్మ ముందు బెంచీ, నేను చివరి బెంచీ. బస్సులో కూడా ఆవిడ ముందు తలుపు, నేను వెనక తలుపు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మా కాలేజీతో ఒక చిక్కుంది. ల్యాబ్ పొద్దున్నే తెరుస్తారు. రోగులు పరగడుపున వస్తారు, వాళ్ళని ఆకలితో ఎక్కువసేపు కూర్చోబెట్టకూడదు. హాస్టల్లో వంట అయ్యేసరికి మాకు రెండో క్లాసు నడుస్తూ ఉండేది. దాంతో మా వాళ్ళలో సగం మంది ఏమీ తినకుండానే వచ్చేవాళ్ళు. అమ్మకి ఇది అస్సలు నచ్చలేదు. "పరగడుపున రావాల్సింది రక్తం ఇచ్చేవాళ్ళు. తీసేవాళ్ళూ అలాగే వస్తే ఎవరు ఎవరి మీద పడతారో తెలియదు," అనేది.

మా ఇంట్లో వంటంటే ఎప్పుడూ పరుగే. అమ్మ తిండిని మూడు రకాలుగా విడదీసింది: నిలబడి తినేది, నడుస్తూ తినేది, బస్సులో పక్కవాళ్ళకి వాసన తగలకుండా తినేది. సెలవు రోజు గుడ్లన్నీ ఒకేసారి ఉడకబెట్టి పెంకులతోనే ఫ్రిజ్‌లో పెట్టేస్తుంది. నానిన శనగలు కుక్కర్‌లో పడేసి స్నానానికి వెళ్తుంది, జడ వేసుకునేసరికి అవి ఉడికి ఉంటాయి. ఉల్లిపాయ తరిగి, నిమ్మకాయ పిండితే ఇక డబ్బాలోకే. పెరుగుని పల్చటి గుడ్డలో మూటకట్టి కుళాయికి వేలాడదీస్తుంది. తెల్లారేసరికి నీళ్ళన్నీ కారిపోయి చెంచా నిలబడేంత గట్టిగా అవుతుంది, దాని మీద వేయించిన గుమ్మడి గింజలు చల్లుతుంది. సోయా ముక్కలు వేడినీళ్ళలో వేసి, నీళ్ళు పిండేసి, మిరియాల పొడితో పెనం మీద తిప్పడం ఆవిడకి ఫోన్లో నాన్నతో మాట్లాడేంత సేపటి పని. వేరుశనగపప్పూ ఖర్జూరం కలిపి దంచి ఉండలు చుట్టడానికి మాత్రం స్టూలు మీద కూర్చుంటుంది.

ఇవన్నీ ఊహ తెలిసినప్పటి నుంచీ తింటున్నాను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా, నాకు వాటి మీద ఎప్పుడూ గౌరవం లేదు. గుడ్డు వాసనకి ముక్కు మూసుకునేదాన్ని, శనగలు ఏరి పక్కన పెట్టేదాన్ని. అమ్మ తన బ్యాగులో రెండు డబ్బాలు వేసుకుని, నాది కాలేజీ వెనక సందులో ఎవరూ చూడకుండా నా చేతికిచ్చేది. అది కూడా నేను సగం వదిలేసేదాన్ని.

మొదటి వారంలోనే పిచ్చుక సంగతి జరిగింది. ఆ పిల్లకి పిచ్చుక అని పేరు పెట్టింది మా క్లాసే. గాలి గట్టిగా వీస్తే కిటికీ చువ్వ పట్టుకోవాలేమో అనిపించేంత సన్నం. హాస్టల్ నుంచి తడి జుట్టుతో పరిగెత్తుకొచ్చేది. పొద్దున దాని కడుపులోకి వెళ్ళేది ఒక టీ, ఒక బిస్కెట్టు. మాకు ప్రాక్టికల్స్ చెప్పే సార్‌ని అందరం సూది సార్ అంటాం. ఆయన మొదటిసారి గాజు గొట్టంలో రక్తం పట్టి చూపించగానే పిచ్చుక కళ్ళు తేలేసింది.

అమ్మ ఒక్క అంగలో వెళ్ళి పట్టుకుంది. నీళ్ళు చల్లింది. డబ్బా మూత తీసి, గుడ్డు టకటకా ఒలిచి, ఉప్పూ మిరియాలూ అద్ది, "నెమ్మదిగా నములు తల్లీ," అని నోట్లో పెట్టింది. ఆ డబ్బా నాదని గుర్తుపట్టాను. నోరెత్తడానికి లేదు.

పిచ్చుక గుడ్డు తింది, శనగలు తింది, వేళ్ళు నాకింది. "అమ్మా, ఇంకొకటుందా?" అంది.

ఆ మాట అక్కడ మొదలైంది. "అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈ అమ్మ అడక్కముందే పెడుతుంది!" అని పిచ్చుక ఊరంతా చాటింది. నెల తిరక్కుండా క్లాసు మొత్తానికి ఆవిడ అమ్మ అయిపోయింది. అమ్మా శనగలు, అమ్మా ఈ లెక్క అర్థం కాలేదు, అమ్మా నా కోటు గుండీ ఊడింది. ఒక అబ్బాయి నీళ్ళు కాచుకునే కెటిల్‌లో గుడ్లు ఉడకబెట్టడం అమ్మ దగ్గర నేర్చుకుని, కెటిల్ అనే పేరు సంపాదించుకున్నాడు. సూది సార్ కూడా "ఏమ్మా, ఇవాళ ఏం తెచ్చారు?" అని బల్ల దగ్గర ఆగేవారు. అందరికీ ఆ పిలుపు మీద హక్కుంది, కడుపున పుట్టినదానికి లేదు. రూలు పెట్టింది నేనే కాబట్టి తేలు కుట్టిన దొంగలా చివరి బెంచీలో కూర్చున్నాను.

ఒకరోజు సందులో డబ్బా అందుకోవడం కుదరలేదు. ఆకలికి ఆగలేక అందరితో పాటు నేనూ చెయ్యి చాచాను.

"ఆంటీ, నాకు కొంచెం."

"తీసుకో అమ్మా, మొహమాటపడకు," అంది అమ్మ.

మొహమాటం! ఆవిడ కడుపులో ఉన్నన్నాళ్ళూ ఏ మొహమాటం లేకుండా తన్నినదాన్ని. నా చేతిలో ఒక చెంచా శనగలు పడ్డాయి. పిచ్చుక చేతిలో ఇంకా ఎక్కువ పడ్డాయని నా కళ్ళు చెప్పాయి. దాన్ని కుళ్ళు అంటారు, నేనూ కుళ్ళు అనే అంటాను. ఆ శనగలు నమలకుండానే మింగేసి చివరి బెంచీకి వెళ్ళిపోయాను.

ఆ రోజు నుంచీ ఇంట్లో అమ్మ చేతుల వెంట నా కళ్ళు పరిగెత్తడం మొదలుపెట్టాయి. ఏది ఎవరికి వెళ్తోంది, ఎవరికి ఎంత పెడుతోంది, అదే నా చదువైపోయింది.

"ఆ గట్టి పెరుగు ఎవరికి?"

"పిచ్చుకకి. రేపు పరీక్ష కదే పాపం."

"రేపు నాకు పరీక్ష కాదా?"

"నీకు పెరుగులో గింజలు పంటికి అడ్డొస్తాయన్నావు."

"ఎప్పుడన్నాను?"

"ఆరో క్లాసులో."

"ఆరో క్లాసులో అన్న మాట ఇప్పటిదాకా పట్టుకుని కూర్చున్నావా?"

"గేటు దగ్గర అన్న మాట కూడా పట్టుకున్నాను కదే," అంది అమ్మ, డబ్బా మూత బిగిస్తూ.

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. మా ఇంటి కూరే పొరుగువాళ్ళ నోట్లోకి వెళ్ళాక నాకు రుచిగా కనిపించడం మొదలైంది. గుడ్డు వాసన మీద నాకున్న అసహ్యం ఎటు పోయిందో తెలియదు. కానీ ఇన్నేళ్ళూ వద్దన్న నోటితో కావాలని ఎలా అడుగుతాను? "అవి నీ పిల్లలకే పెట్టుకో," అని డబ్బా తోసేసేదాన్ని. అమ్మ బతిమాలుతుందని ఎదురుచూసేదాన్ని. ఆవిడ మారు మాట్లాడకుండా దాన్ని బ్యాగులో వేసుకునేది.

ఇలా ఉండగా ఓ సెలవు రోజు పిచ్చుక మా ఇంటికే వచ్చింది. హాస్టల్ గదిలో చేసుకోగలిగిన వంటలన్నీ నేర్పమని అమ్మ వెంటపడిందట. అమ్మ నాకు సంగతి చెప్పేసరికి అది మా వీధి మలుపులో ఉంది. గోడ మీద నా ఫొటోలు గబగబా పీకి, చెప్పులు చంకలో పెట్టుకుని, లోపలి గదిలో దూరి గడియ వేసుకున్నాను. నా ఇంట్లో నేనే దొంగనయ్యాను.

తలుపు వెనక నిలబడి సందులోంచి అన్నీ చూశాను, విన్నాను. కుక్కర్ కూత, పెనం మీద సోయా ముక్కల చిటపట, దాని కిలకిల. "ఈ పీట మీద కూర్చోనా అమ్మా?" అంటోంది. అది నేను కూర్చునే పీట. "ఈ కంచంలో తిననా?" అంటోంది. అది నా కంచం. తలుపు సందులోంచి మిరియాల ఘాటు వచ్చి నా ముక్కుకి తగిలింది. కడుపులో పేగులు అరిచాయి. ఆ చప్పుడు బయటికి వినిపిస్తుందేమోనని దిండు అడ్డం పెట్టుకున్నాను.

"మీకు పిల్లలు లేరా అమ్మా?" అని అడిగింది పిచ్చుక.

"ఒక కూతురుంది."

"ఎక్కడుంటుంది?"

"ఇక్కడే. ఈ ఇంట్లోనే."

"మరి ఎప్పుడూ చెప్పలేదే! ఏం చేస్తుంది?"

గరిటె పెనానికి తగిలిన చప్పుడు వినిపించింది.

"మాట్లాడదమ్మా," అంది చివరికి.

"అయ్యో," అంది పిచ్చుక. తర్వాత ఇంకేమీ అడగలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం, "దిగులు పడకండమ్మా, మేమందరం లేమా?" అని అమ్మ చెయ్యి పట్టుకుని చెప్పింది. తలుపు వెనక నేను పళ్ళు నూరాను.

ఏడాది చివర సూది సార్ పిడుగు లాంటి మాట చెప్పారు. వచ్చే ఆరు నెలలు క్లాసులుండవు, ఆసుపత్రుల్లో పని. ఇద్దరిద్దరు ఒక జట్టు. ఒక్కో జట్టుకి ఒక్కో ఊరు, ఉండటానికి ఒక గది. చివరి పరీక్ష కూడా జట్టుగానే రాయాలి. ఎవరు ఎవరితో వెళ్తారో శుక్రవారం చెప్పాలి.

ఆయన ఇంకా మాట పూర్తి చేయకముందే పిచ్చుక లేచి నిలబడింది. "అమ్మా, మీరూ నేనూ!"

"చూద్దాం తల్లీ," అంది అమ్మ. అని వెనక్కి తిరిగి, చివరి బెంచీ వైపు చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

నాన్న ఎప్పుడూ రోడ్డు మీదే, ఇంట్లో మేమిద్దరమే. అమ్మ లేని ఇల్లు నేను ఒక్కరోజు కూడా ఎరగను. ఆవిడ లేపకపోతే లేవను, ఆవిడ పక్కన లేకపోతే నిద్ర పట్టదు. ఇన్నాళ్ళూ పిచ్చుక తిన్నది నా డబ్బా. ఇప్పుడు ఆరు నెలలు నా మంచం కూడా దానిదే. పొద్దున్నే కుక్కర్ కూతకి అది కళ్ళు తెరుస్తుంది, అమ్మ దాని తడి జుట్టు తుడుస్తుంది. నేనెక్కడో ఇంకో ఊళ్ళో, మా బెంచీలో క్లాసు మధ్యలోనే గుర్రుపెట్టే పిల్ల పక్కన బిస్కెట్టు నములుతూ ఉంటాను.

ఆ సాయంత్రం అడిగేశాను. "దానితో వెళ్తావా?"

"అడిగింది మరి."

"నన్ను అడగొచ్చుగా!"

"నువ్వెవరో నాకు తెలియదు కదే."

"అమ్మా!"

"ఆ మాటేదో అక్కడ అను," అంది అమ్మ, ఉల్లిపాయ తరగడం ఆపి. "నలుగురి ముందు అమ్మా అని పిలువు. ఆ క్షణమే నీ వెంట వస్తాను. పిచ్చుకకి నేను సర్దిచెప్పుకుంటాను."

అంత తేలికైన పని ఇంకొకటి ఉండదనుకున్నాను. మర్నాడు అమ్మ ఆఫీసులో ఏదో సంతకానికి వెళ్ళింది. క్యాంటీన్‌లో పిచ్చుక అప్పటికే గది సర్దేస్తోంది. కుక్కర్ తను కొంటుందట, కిటికీ పక్క మంచం అమ్మకట. వింటూ ఉండగా నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఆవిడ మా అమ్మ!"

"మా అమ్మ కూడా!" అంది పిచ్చుక.

"అలా కాదు. నిజంగా మా అమ్మ."

"నిజంగా మాకూ అమ్మే," అన్నాడు కెటిల్. "ఆవిడ గుడ్లే లేకపోతే నేను ఈపాటికి పోయుండేవాణ్ణి."

అందరూ పడీ పడీ నవ్వారు. అప్పుడు తెలిసింది నాకు మన భాషలో ఉన్న మెలిక. నా పెన్ను, నా చెప్పులు, నా కంచం అంటాం. అమ్మ దగ్గరికొచ్చేసరికి, ఒక్కగానొక్క కూతురైనా సరే, మా అమ్మ. ఆ 'మా'లోకి ఎవరు పడితే వాళ్ళు దూరిపోవచ్చు. 'నా అమ్మ' అందామని చూశాను. ఏదో అరువు సినిమాలో మాటలా వినిపించి నాకే ఎబ్బెట్టుగా తోచింది.

"ఆవిడకి కూతురుంది, నాకు తెలుసు," అంది పిచ్చుక గొంతు తగ్గించి. "ఇంటికెళ్ళినప్పుడు చెప్పారు. పాపం, ఆ పిల్లకి మాటలు రావు. లోపలి గదిలో పెట్టి చూసుకుంటున్నారు. నువ్వేమో నోరు మూస్తే ఒట్టు."

"మాటలు రాకపోవడమేమిటి! నాతో..."

"ఏడాదంతా ఆంటీ అన్నావు. జట్లు వేసే రోజు వచ్చేసరికి అమ్మ అయిపోయిందా? ఏ ఎండకా గొడుగు పట్టడమంటే ఇదే."

నా పప్పులు ఉడకలేదు. అయినా ధైర్యం పోలేదు. శుక్రవారం సార్ ముందు, అమ్మ ముందు, ఎలుగెత్తి పిలుస్తాను, అప్పుడు ఎవరు నవ్వుతారో చూస్తాను అనుకున్నాను.

శుక్రవారం సూది సార్ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నారు. నేను లేచి నిలబడ్డాను. అమ్మ ముందు బెంచీ నుంచి తల తిప్పి నా వైపే చూస్తోంది. ఆవిడ మొహంలో అంత ఆశ చూడటం అదే మొదటిసారి. నేను ఊపిరి పీల్చుకుని నోరు తెరవబోయేంతలో సార్ చెయ్యెత్తారు.

"ఒక్క సంగతి. పరీక్షలో ఒకరి పనికి ఇంకొకరు సాక్షి సంతకం చెయ్యాలి. అందుకని బంధువులు ఒకే జట్టులో ఉండకూడదు. రూలు. ఆఁ, చెప్పమ్మా, నువ్వెవరితో?"

గొంతు దాకా వచ్చిన పిలుపు అక్కడే ఇరుక్కుంది. అమ్మా అంటే అమ్మ పోతుంది. మింగేశాను.

"ఆంటీతో సార్. ఆవిడకి పరీక్షల ఇంగ్లిష్ పేర్లు రాయడం కష్టం. నేను సాయం చేస్తాను."

"అదీ నిజమే," అన్నారు సార్. "పిచ్చుకకీ అవి రావు. ఇద్దరూ కలిస్తే రిపోర్టు నేనే రాయాలి. మీకేమీ చుట్టరికం లేదు కదా?"

"అస్సలు లేదు సార్," అన్నాను.

సార్ మా ఇద్దరి పేర్లూ పక్కపక్కన రాశారు. పిచ్చుకని గుర్రుపెట్టే పిల్లతో వేసేసరికి దాని మొహం వాడిపోయింది. గెలిచాననుకుని అమ్మ వైపు చూశాను. ఆవిడ అప్పటికే ముందుకి తిరిగి పుస్తకం తెరుచుకుంది.

ఇంటికొచ్చాక పళ్ళెంలో గుడ్లూ శనగలూ నా ముందు పెట్టి అటు తిరిగి కూర్చుంది.

"నీకోసమే కదమ్మా అలా అన్నాను! లేదనకపోతే వేరే జట్టులో వేసేవాళ్ళు."

"తెలుసు."

"మరెందుకు ఆ మొహం?"

"లేదు సార్ అంటే సరిపోయేది," అంది అమ్మ. "ఆ 'అస్సలు' ఎందుకే?"

సమాధానం లేనప్పుడు నాకు కోపం వస్తుంది. ఇంత చేసి గెలుచుకుంటే సంతోషించాల్సింది పోయి పదం పట్టుకుని పీకుతుందా అని పళ్ళెం తోసేసి పడుకున్నాను. పొద్దున బల్ల మీద నా డబ్బా ఉంది. ఇంకెవరికీ ఇవ్వకుండా నా ఒక్కదానికే, మూత మీద తువ్వాలు కట్టి మరీ ఉంది. చూసి కూడా వదిలేసి వెనక తలుపులోంచి బస్సెక్కాను.

ఆ రోజు ల్యాబ్‌లో కొత్త జట్లకి పరీక్ష. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, సార్ కళ్ళ ముందు రక్తం తీయాలి. క్లాసులో అమ్మ హస్తవాసికి పేరుంది. ఆవిడ సూది గుచ్చితే తెలియను కూడా తెలియదని ఏడాదంతా అందరూ ఆవిడ ముందే వరస కట్టేవాళ్ళు. నేను మాత్రం ఎప్పుడూ చెయ్యివ్వలేదు.

"కూర్చో అమ్మా," అంది అమ్మ, బయటివాళ్ళతో మాట్లాడే గొంతుతో. మోచేతి పైన రబ్బరు పట్టీ కట్టింది. "పిడికిలి బిగించమ్మా." నరం మీద రెండు వేళ్ళతో తట్టింది. ఎంతమందిని గుచ్చిన చెయ్యో అది, నా చర్మం దగ్గరికి వచ్చేసరికి గురి తప్పింది. సూది నరం పక్కనుంచి పోయింది.

"అమ్మా!" అని అరిచాను.

ఒక్కరూ తల తిప్పలేదు. సూది గుచ్చితే అందరూ అమ్మా అనే అంటారు. ఆ గదిలో రోజంతా వినిపించేది అదే మాట.

"పర్లేదు, ఇంకో చెయ్యి చూడండి," అన్నారు సార్. అమ్మ దూది అదుముతూ ఏదో అంటోంది. ఆ మాటలు దూరంగా ఎక్కడి నుంచో వస్తున్నట్టున్నాయి. గోడ మీద గడియారం పక్కకి జరిగింది. స్టూలు నా కింద నుంచి ఎటో పోయింది.

కళ్ళు తెరిచేసరికి నేల మీదున్నాను, తల అమ్మ ఒళ్ళో ఉంది.

"ఒసేయ్! ఒసేయ్ మొద్దూ! కళ్ళు తెరువే! రాత్రీ తినలేదు, పొద్దునా తినలేదు, ఎవరి మీదే నీ రోషం? రోషం తింటే కడుపు నిండుతుందా గాడిదా? డబ్బా కట్టి బల్ల మీద పెడితే చూసి కూడా వదిలేసి వస్తావా? ఇంటికి రా, నీ కాళ్ళు విరగ్గొట్టి మూల కూర్చోబెడతాను! మళ్ళీ కళ్ళు మూస్తావేంటే!" అని చెంప మీద ఒక్కటిచ్చింది.

ల్యాబ్ మొత్తం ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఆ క్లాసుకి తెలిసిన అమ్మ గొంతు అది కాదు. ఆవిడ ఎవరినీ తల్లీ, నాన్నా, అమ్మా అని తప్ప పిలవలేదు. ఎవరూ పరాయి పిల్లని అలా తిట్టరు, తిట్టలేరు. అది అక్కడున్న ప్రతివాళ్ళకీ ఎవరూ చెప్పకుండానే తెలుసు. నేలమీద పడున్న నాకు మాత్రం ఆ తిట్లు ఒక్కొక్కటీ ఒంట్లోకి ప్రాణం పోస్తున్నట్టున్నాయి.

అమ్మ ఎవరి బ్యాగులోంచో ఒక గుడ్డు లాక్కుని, పెంకు సగం ఒలిచి, నా నోట్లో కుక్కింది. ఉప్పు లేదు, మిరియాలు లేవు.

"నములు!"

సూది సార్ వంగి చూశారు. "ఏమ్మా, ఈ అమ్మాయి మీకేమవుతుంది?"

"కూతురు సార్," అంది అమ్మ ఆయాసపడుతూ. "కడుపున పుట్టి నన్నిలా చంపుకు తింటోంది."

"మీ అమ్మాయికి మాటలు రావన్నారుగా!" అంది పిచ్చుక.

"మాటలు రావని ఎప్పుడన్నానమ్మా? మాట్లాడదన్నాను."

సార్ నా వైపు చూశారు. "నిన్న అస్సలు లేదన్నావు?"

నోటి నిండా గుడ్డుంది. తలూపడం తప్ప ఏమీ చేయలేకపోయాను. ఆయన కాగితం తీసి మా ఇద్దరి పేర్ల మీదా గీత కొట్టేశారు. "ఇక రిపోర్టు నేనే రాయాలి," అని గొణిగి, అమ్మ పేరు పక్కన పిచ్చుక పేరు రాశారు. నన్ను గుర్రుపెట్టే పిల్ల పక్కన వేశారు. అమ్మ ఏదో చెప్పబోయింది. సార్ రూలు అన్నారు. అమ్మ నా తల నెమ్మదిగా దింపి, నీళ్ళ కోసం వెళ్ళింది.

పిచ్చుక ఎగిరి గంతేస్తుందనుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాను. గంతు చప్పుడు వినపడలేదు. చూస్తే నా పక్కన నేల మీద గొంతుక్కూర్చుని ఉంది.

"ఏడాది నుంచీ ఆవిడ చేతి తిండి తింటున్నాను," అంది. "నన్ను ఒక్కసారి కూడా 'ఏమే' అనలేదు."

దాని గొంతులో ఉన్నదేమిటో నాకు వెంటనే తెలిసిపోయింది. ఏడాదంతా నేను బతికింది ఆ కుళ్ళుతోనే. ఇంకొకరి గొంతులో వినడం అదే మొదలు.

"ఆరు నెలలు ఒకే గదిలో ఉంటే," అంది పిచ్చుక, నేల మీద పడ్డ పెంకులు ఏరుతూ, "నన్నూ అలా తిడతారంటావా?"

తిడుతుంది అనొచ్చు. ఏం పోయింది? మంచం దానిదే, గట్టి పెరుగు దానిదే, పొద్దుటి కుక్కర్ కూత దానిదే. నాకు మిగిలినవి ఆ తిట్లే. బుగ్గలో ఉన్న గుడ్డు మింగాను.

"తిట్టదు," అన్నాను.

పిచ్చుక తల దించుకుంది. నాకు జాలేసింది. మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.